అప్‌డేట్: నా ఆన్‌లైన్ బొమ్మల కథలకు పుస్తక ఒప్పందం, సంతకం పెట్టాను

ఆన్‌లైన్‌లో గీసిన నా బొమ్మల కథలను పుస్తకంగా వేస్తామన్న ప్రచురణకర్త ఒప్పంద పత్రంలో హక్కులు ఎన్నేళ్లకన్న గడువే లేదు, ఏం చేయాలని అడిగాను కదా. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. న్యాయవాదికి చూపించమన్న సలహాయే నన్ను కాపాడింది.

హనుమకొండలో ఒకరిని కలిశాను. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారట. అయినా దాన్ని నమ్ముకోవద్దు, ప్రతిదీ రాయించుకోమని ఆమె గట్టిగా చెప్పారు. చివరికి తెలుగు ముద్రణ హక్కు మాత్రమే, 3 ఏళ్లకు ఇచ్చాను. పాత్రలు, యానిమేషన్ హక్కులు నావే. ఆ కథల్లోని ముసలమ్మ మా అమ్మమ్మే. ఆమెను ఎవరికీ రాసివ్వలేను.

బొమ్మలకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదన్న నా భయం అనవసరం. బొమ్మ గీయగానే హక్కు పుడుతుంది. తేదీలున్న పాత పోస్టులు, అసలు ఫైళ్లు సాక్ష్యంగా పనికొస్తాయి, దాచుకోండి.