తెల్లారగట్ల చెత్త మంటలు, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: విజయవాడలో మా సందు చివర రోజూ తెల్లారగట్ల ఎవరో ఊడ్చిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కలిపి అంటిస్తున్నారు. మా నాన్నగారికి ఆయాసం. కిటికీలు మూసినా పొగ ఆగట్లేదు.

జవాబు: ఫొటో తీసి, టైము వేసి వార్డు సచివాలయంలో రాసివ్వండి. రసీదు అడగడం మర్చిపోవద్దు. బయట చెత్త కాలిస్తే 5 వేలు, పెద్దమొత్తమైతే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

మరొకరు: జరిమానా మంచిదే. కానీ ఈ ఆకులు ఎక్కడ వేయాలండీ? మా కాలనీలో ఎరువు గుంత తవ్వాకే మంట ఆగింది. అంతకుముందు రెండేళ్లు తిట్టుకున్నాం, అంతే.

ప్రశ్న వేసినవారు: గుంత ఎంత లోతు? పార్కు మూల ఖాళీగానే ఉంది.

జవాబు: మూడడుగులు. పైన మట్టి చల్లండి, లేకపోతే వాసన.