పార్కులో షూటింగ్‌కి, ఫంక్షన్‌కి పర్మిషన్: డబ్బు చూసి అడగాలా, అడ్డం చూసి అడగాలా?

ట్రైపాడ్:
చిన్న చిన్న వీడియోలు తీస్తుంటాను. నేను, కెమెరా, మాట్లాడే మనిషి ఒకరు, అంతే. మొన్న పార్కులో బెంచీ పక్కన స్టాండ్ నిలబెట్టానో లేదో గార్డు వచ్చి, "ఇది కమర్షియల్ కదా, పర్మిషన్ ఏది?" అన్నాడు. అదే టైముకి పచ్చికలో నలభై మంది బ్యానర్ కట్టి, స్పీకర్ పెట్టి గెట్‌టుగెదర్ చేసుకుంటున్నారు. వాళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు. నాకు నాలుగు డబ్బులు వస్తాయేమోనని నన్ను ఆపడం న్యాయమేనా?

ఉదయనడక:
అడగడం తప్పెలా అవుతుందండీ? నేను రోజూ నడిచే పార్కులో ఒక యూనిట్ దిగింది. నడకదారికి అడ్డంగా కేబుళ్లు. ఒక కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి, "షాట్ అయ్యేదాకా ఆగండి" అంటాడు. చేతికర్రతో నడిచే పెద్దాయన ఆ కేబుళ్లు దాటలేక వెనక్కి తిరిగిపోవడం కళ్లారా చూశాను. యూనిట్ వెళ్లిపోయి నెల దాటినా, జనరేటర్ పెట్టిన చోట గడ్డి మాడి నలుచదరపు మచ్చ అలాగే ఉంది. వ్యాన్‌ను చెట్టు మొదట్లోనే నిలిపారు. ఆ బరువుకి మట్టి అణిగిపోతే వేళ్లకు గాలీ నీరూ సరిగా అందవు. చెట్టు వాడిపోవడం మొదలయ్యేసరికి ఆ యూనిట్ ఎవరికీ గుర్తుండదు.

థాయ్‌లాండ్‌లోని మాయా బే సంగతే చూడండి. 1999లో ఒక హాలీవుడ్ సినిమా కోసం అక్కడి ఇసుక దిబ్బల మీద మొక్కలు పీకి, కొబ్బరి చెట్లు నాటారు. నిజానికి దానికీ పర్మిషన్ ఉంది! ఆ నష్టం మీద పడిన కోర్టు కేసు 2022లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తేలలేదు.

ట్రైపాడ్:
మీ కోపం అర్థమైందండీ. కానీ నాకు జనరేటర్ లేదు, వ్యాన్ లేదు. వాళ్లకీ నాకూ ఒకే ఫారమా?

పచ్చిక:
నేను ఈవెంట్లు చేస్తాను, అర్జీలు పెట్టీ పెట్టీ అలవాటైంది. నా మటుకు నాకు డబ్బు లెక్క తప్పు, అడ్డం లెక్క ఒప్పు. అమెరికా నేషనల్ పార్కుల్లో చాలా ఏళ్లు కమర్షియలా కాదా అనే చూశారు. 2025 జనవరిలో వచ్చిన చట్టంతో అది మారింది. తక్కువ మంది, చేత్తో మోసే సామానుతో, జనం మామూలుగా తిరిగే చోటే, ఎవరికీ అడ్డం రాకుండా తీసుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, ఆ వీడియో మీద ఎంత సంపాదించినా సరే. షికాగో పార్కుల్లో యాభై మంది దాటితే పర్మిషన్ కావాలన్న నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు 2002లో సమర్థించింది. గడువులోపు జవాబివ్వాలని, కాదంటే కారణం చెప్పాలని ఆ నిబంధనలోనే ఉంది. మనం గట్టిగా పట్టుబట్టాల్సింది ఈ రెండింటికే. ఫీజు కట్టించుకుని "చూస్తాం" అని నానబెడితే, నాలాంటివాళ్లకు ఈవెంట్ రోజు దాకా టెన్షనే.

నిజంగా నేలను కాపాడేది ఫీజు కాదు, డిపాజిట్. దిగేముందు పార్కువాళ్లూ, అర్జీ పెట్టినవాళ్లూ కలిసి ఆ చోటు ఫొటోలు తీసుకోవాలి, తిరిగి అప్పగించేటప్పుడు అవే ఫొటోలు పట్టుకుని నడవాలి. బరువు పెట్టే చోట పలకలు పరవాలి. వాహనాలు ఎక్కడ ఆగుతాయో, కేబుల్ ఎటు పోతుందో, జనానికి వేరే దారి ఏదో గీసిన ప్లాన్ లేకుండా అర్జీ తీసుకోనేకూడదు.

ఉదయనడక:
డిపాజిట్ మాట బాగుంది. కానీ ఒక చిక్కుంది. పూలు పూసే రోజుల్లో ఒకే చెట్టు కింద షూటింగ్‌కి ముగ్గురేసి వస్తారు. ఒకరి తర్వాత ఒకరు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. విడివిడిగా చూస్తే ఎవరూ అడ్డం కాదు. వారం తిరిగేసరికి అక్కడ గడ్డి ఉండదు.

పచ్చిక:
అది నేను ఆలోచించలేదు, నిజమే. అలాంటి చోట్లకు మాత్రం ఇద్దరు ముగ్గురే వచ్చినా టైమ్ స్లాట్ పెట్టాల్సిందే. ఫీజు లేకుండా, గేటు దగ్గర పేరు రాయించుకుంటే చాలు. ఆ వారం షూటింగులేవో, ఫంక్షన్లేవో అక్కడే ఒక బోర్డు మీద రాస్తే నడిచేవాళ్లకూ ముందే తెలుస్తుంది.

ట్రైపాడ్:
పేరు రాయమంటే సంతోషంగా రాస్తాను. ఆ గెట్‌టుగెదర్ వాళ్ల చేత కూడా రాయించాలి మరి. ఆ స్పీకర్ మోతలో ఆరోజు నాకు ఒక్క మాటా రికార్డ్ కాలేదు.