మిరపలో కారం ఉన్నా తామర పురుగు ఎందుకు ఆగట్లేదు? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, ఎమ్మెస్సీ బోటనీ చేస్తున్నాను, ప్రాజెక్టుకి మిరప తీసుకున్నాను. 2021లో నల్ల తామర పురుగు (థ్రిప్స్, రసం పీల్చే చిన్న పురుగు) వచ్చినప్పుడు మా చేలో పువ్వు దులిపితే అరచేతిలో నల్లటి నలుసులు పాకేవి, పూతంతా రాలిపోయింది, నాన్న గట్టు మీదే కూర్చుండిపోయారు.

ఆయనకి షుగర్, అరికాళ్ల మంటలకి డాక్టరుగారు రాసిన క్రీములో ఉన్నది క్యాప్సైసిన్, అంటే మన మిరపకాయ కారమే. ఆ కారాన్ని పట్టే నరాల గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్తకి 2021లో నోబెల్ వచ్చింది (అదే ఏడాది, అందుకే మర్చిపోలేను).

నా డౌట్ ఏంటంటే, కారం ప్రధానంగా కాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలోనే తయారవుతుంది కదా, మరి ఆకుని, పువ్వుని మొక్క దేనితో కాపాడుకుంటుంది? మొక్క తన రక్షణ కోసం వాడుకునే హార్మోన్లు జాస్మోనిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం గురించి చదివాను. రసం పీల్చే పురుగు మీద వీటిలో ఏది ఎక్కువ పనిచేస్తుందో కాలేజీ ల్యాబులో, తక్కువ ఖర్చుతో ఎలా చూడాలి? లాం ఫారంలో (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం) ఎవరిని కలవాలో తెలిసినా చెప్పండి, ప్లీజ్.