మాంట్‌గొమరీలో 381 రోజులు బస్సెక్కకుండా ఎలా నెట్టుకొచ్చారు?

ప్రశ్న:
మార్టిన్ లూథర్ కింగ్ గురించి ఏది చదివినా 1963 వాషింగ్టన్ ప్రసంగం చుట్టూనే తిరుగుతోంది. అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో, బస్సుల్లో నల్లజాతివాళ్లను వేరుగా కూర్చోబెట్టడానికి వ్యతిరేకంగా 1955 డిసెంబరు 5న మొదలైన బస్సుల బహిష్కరణ ఏడాది దాటింది కదా, అన్నాళ్లూ వేలమంది పనులకు ఎలా వెళ్లొచ్చారు? చివరికి గెలిచింది కోర్టులోనే అయితే బహిష్కరణ వల్ల ఒరిగిందేమిటి?

జవాబు 1:
మొదట టాక్సీలండీ. నల్లజాతి డ్రైవర్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే, ఎక్కించుకున్నారు. కనీస చార్జీ 45 సెంట్లన్న నిబంధనను అధికారులు బయటికి తీయడంతో ఆ దారి మూసుకుపోయింది. 1953లో లూసియానా రాష్ట్రం బేటన్ రూజ్‌లో ఇలాంటి బహిష్కరణే నడిపిన పాస్టర్ టి.జె. జెమిసన్‌కు కింగ్ ఫోన్ చేసి, సొంత కార్లతో రవాణా ఎలా నడపాలో కనుక్కున్నారు. సుమారు 300 కార్లు పోగయ్యాయి. పొద్దున ఎక్కే చోట్లు 48, సాయంత్రం 42. పొద్దుటివి ఎక్కువగా చర్చిలే. తెల్లవారకముందే తలుపులు తీసేవారు, చలిలో బయట నిలబడే పని లేదు. కింగ్‌కు అప్పటికి 26 ఏళ్లు. నా దృష్టిలో ఆయన నాయకత్వం ప్రసంగాల్లో ఎంత ఉందో ఈ ఏర్పాటులోనూ అంతే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మరి పెట్రోలు ఖర్చు? ఎక్కినవాళ్లు ఇచ్చేవారా?

జవాబు 2:
అక్కడే జాగ్రత్తపడ్డారు. ఎక్కినవాళ్ల దగ్గర చార్జీ తీసుకుంటే లైసెన్సు లేని టాక్సీ నడిపారని కేసు పెడతారు. అందుకే సభల్లో పోగైన విరాళాల నుంచి ఖర్చులు ఇచ్చారు. అసలు దెబ్బ బీమా దగ్గర పడింది. చర్చిల పేరు మీద కొన్న స్టేషన్ వ్యాగన్లకు కంపెనీలు పాలసీలు రద్దు చేస్తూ పోయాయి. చివరికి లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా దొరికింది.

జవాబు 3:
కోర్టు సంగతికొస్తే, తెల్లజాతి ప్రయాణికుడికి సీటివ్వక అరెస్టయి ఈ బహిష్కరణకు కారణమైన రోసా పార్క్స్ కేసు రాష్ట్ర కోర్టుల్లోనే నానుతుందని లాయర్ ఫ్రెడ్ గ్రే 1956 ఫిబ్రవరి 1న ఫెడరల్ కోర్టులో వేరే దావా వేశారు. మాంట్‌గొమరీ బస్సుల్లో జాతి విభజన చెల్లదన్న తీర్పు తెచ్చింది ఆ దావాయే. అందులో పార్క్స్ లేరు. సీటు విషయంలో 15 ఏళ్లకే అరెస్టయిన క్లాడెట్ కాల్విన్ ఉన్నారు. ఆమె పేరు ఇంకా చాలామందికి తెలియకపోవడం బాధాకరం.

ఇక ఒరిగిందేమిటంటారా, తీర్పు రావడం వేరు, అమలు కావడం వేరు. అంతర్రాష్ట్ర బస్సుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది, దక్షిణాదిలో ఎక్కువచోట్ల దాన్ని పక్కన పెట్టేశారు. మాంట్‌గొమరీలో అలా కుదరలేదు. అక్కడి బస్సుల్లో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతివాళ్లే, వాళ్లు ఎక్కకపోతే బస్సులు ఖాళీ. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు గ్రే దావాలో వచ్చిన తీర్పును ఖాయం చేసింది. అదే రోజు స్థానిక కోర్టు కార్ల రవాణాను ఆపేయించింది. అయినా ఉత్తర్వు చేతికొచ్చేదాకా బస్సెక్కకూడదనుకున్నారు. అది డిసెంబరు 20న అందింది. మధ్యలో ఆ ఐదు వారాలూ చాలామంది నడిచే పనులకు వెళ్లారు.