ఇంట్‌కి ఉన్న ఎమ్ఆర్ఓ 5కి ఎందుకు లేదు? పైథాన్‌లో టైప్, ఆబ్జెక్ట్ గురించి సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. పైథాన్ క్లాసుల దగ్గర నాలుగు రోజులుగా ఒకే చోట తిరుగుతున్నాను. షెల్‌లో ఎక్స్ = 5 అని పెట్టి టైప్(ఎక్స్) అడిగితే ఇంట్ (పూర్ణసంఖ్యల క్లాసు) అంది. ఇంట్.ఎమ్ఆర్ఓ() (పేర్లను ఏ క్లాసుల్లో ఏ వరుసలో వెతకాలో చెప్పే మెథడ్) కొడితే ఇంట్, ఆబ్జెక్ట్ అని రెండు పేర్లున్న లిస్టు ఇచ్చింది. ఎక్స్ కూడా ఇంటే కదా అని ఎక్స్.ఎమ్ఆర్ఓ() కొట్టాను. అట్రిబ్యూట్ ఎర్రర్! ఇంట్ ఆబ్జెక్టుకి అలాంటిది లేదట. క్లాసులో ఉన్న మెథడ్ దాని ఆబ్జెక్టుకి రావాలి కదా? పైగా ఆబ్జెక్ట్‌కి టైప్ ఏదంటే టైప్ అంటుంది, టైప్‌కి పేరెంట్ ఎవరంటే ఆబ్జెక్ట్ అంటుంది. ఎవరికి ఎవరు అమ్మ? వచ్చే వారం వైవా ఉంది. అన్నలు, అక్కలు ఎవరైనా చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ఎమ్ఆర్ఓ అసలు ఇంట్‌లో లేదు. కావాలంటే డిర్(ఇంట్) కొట్టి చూడు, డిర్ అంటే అందులో ఉన్న పేర్ల జాబితా చూపించేది, ఆ పేరు కనపడదు. డిర్(టైప్) కొట్టు, కనపడుతుంది. నీ చిక్కంతా అక్కడే ఉంది.

పైథాన్‌లో ప్రతి క్లాసుకీ రెండు వేర్వేరు చుట్టరికాలు ఉంటాయి. ఒకటి వంశం: ఈ క్లాసు ఏ క్లాసు నుంచి దిగింది? ఇంట్ ఆబ్జెక్ట్ నుంచి దిగింది. రెండోది అచ్చు: ఈ వస్తువు ఏ అచ్చులోంచి వచ్చింది? 5 ఇంట్‌లోంచి వచ్చింది, ఇంట్ టైప్‌లోంచి వచ్చింది. ఈ రెండింటినీ ఒకే బొమ్మలో ఒకే రకం బాణాలతో గీస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. నోట్‌బుక్‌లో వంశాన్ని నిలువు గీతతో, అచ్చును అడ్డంగా చుక్కల గీతతో గియ్యి.

ఇంట్లో జంతికల గొట్టం చూశావు కదా. జంతిక గొట్టంలోంచి వస్తుంది. మరి గొట్టం? దాన్నీ ఎవరో ఒక అచ్చులో పోసినదే. గొట్టానికి పిడి ఉంటుంది, జంతికకి పిడి రాదు. ఎమ్ఆర్ఓ ఆ పిడి లాంటిది. క్లాసును పట్టుకుని పని చేయించడానికి టైప్ దానికి పెట్టింది.

వెతికే పద్ధతి చూడు. ఎక్స్.ఎమ్ఆర్ఓ అన్నప్పుడు పైథాన్ ఎక్స్‌లోనూ, దాని క్లాసు వంశంలోనూ, అంటే ఇంట్, ఆబ్జెక్ట్‌లలోనూ వెతికి ఆగిపోతుంది. ఇంట్‌కి అచ్చు ఎవరని అడగదు. ఇంట్.ఎమ్ఆర్ఓ అన్నప్పుడు ఇంట్ సొంత వంశం వెతికి, దొరక్క, ఇంట్ అచ్చైన టైప్ దగ్గరికి వెళ్తుంది, అక్కడ దొరుకుతుంది. అచ్చు వైపు ఒక్క మెట్టే ఎక్కుతుంది, రెండో మెట్టు ఎక్కదు. ప్రాపర్టీల లాంటివి ఉంటే వెతికే వరుస కొంచెం మారుతుంది. దాన్ని ఇప్పటికి పక్కన పెట్టు.

అడిగినవారు:
అన్నా, డిర్ రెండూ కొట్టి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. కానీ టైప్‌కీ ఆబ్జెక్ట్‌కీ మధ్య ముడి ఇంకా విడలేదు.

జవాబు:
నాలుగు లైన్లు కొట్టు. మొదటి రెండూ అచ్చు సంగతి అడుగుతాయి, తర్వాతి రెండూ వంశం సంగతి అడుగుతాయి. ఈజ్‌ఇన్‌స్టాన్స్(ఆబ్జెక్ట్, టైప్): ట్రూ. ఈజ్‌ఇన్‌స్టాన్స్(టైప్, ఆబ్జెక్ట్): ట్రూ. ఇస్‌సబ్‌క్లాస్(టైప్, ఆబ్జెక్ట్): ట్రూ. ఇస్‌సబ్‌క్లాస్(ఆబ్జెక్ట్, టైప్): ఫాల్స్. ఆ చివరి ఫాల్స్ నీ ప్రశ్నకి జవాబు. వంశంలో ఆబ్జెక్టే మూలపురుషుడు, దాని పైన ఎవరూ లేరు. అచ్చుల్లో టైపే ఆఖరిది, అది తనకి తనే అచ్చు. టైప్(టైప్) కొడితే మళ్ళీ టైపే వస్తుంది. ఈ ముడిని మనం పైథాన్ కోడ్‌లో వెయ్యలేం, ఎందుకంటే క్లాసు పుట్టాలంటే ముందే ఒక అచ్చు ఉండాలి. మనం మామూలుగా వాడే పైథాన్ అయిన సీపైథాన్‌లో దీన్ని సీ కోడ్‌లోనే కట్టి పెట్టారు.

ఇంకొకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా సీనియర్ల నోట్సులో ప్రతి క్లాసు పేరు పక్కనా బ్రాకెట్లో ఆబ్జెక్ట్ అని ఉంది. నేను రాయకపోయినా నడుస్తోంది. తప్పా అండీ?

జవాబు:
తప్పేమీ లేదండీ, అది పాత కాలం అలవాటు. మొదట్లో పైథాన్ సొంత టైపులు వేరు, మనం రాసే క్లాసులు వేరు. ఇంట్ నుంచో లిస్ట్ నుంచో కొత్త క్లాసు దించడం కుదిరేది కాదు. 2001 చివర్లో వచ్చిన 2.2 వెర్షన్‌లో రెండింటినీ కలిపారు. అప్పుడు కొత్త రకం క్లాసు కావాలంటే ఆబ్జెక్ట్ అని రాయాల్సి వచ్చేది. 2008లో 3.0 వచ్చాక పాత రకం పూర్తిగా పోయింది, రాయకపోయినా ఆబ్జెక్టే పేరెంట్. ఒక్క జాగ్రత్త: ఇద్దరు పేరెంట్లు ఉన్నప్పుడు ఆబ్జెక్ట్‌ని ముందు రాసి, మీ క్లాసు ‘ఏ’ని తర్వాత రాస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. పిల్ల కంటే ముందు తల్లిని వెతకమని అడిగినట్టు అవుతుంది, పైథాన్ ఒప్పుకోదు.

అడిగినవారు:
అన్నా, రాత్రి నేనే ఒకటి రాసి చూశాను. టైప్ నుంచి ఒక క్లాసు దించి, అందులో ‘పలుకు’ అని మెథడ్ పెట్టాను. పైథాన్ 3లో తెలుగు పేర్లు కూడా పెట్టుకోవచ్చని ఇప్పుడే తెలిసింది. దాన్ని మెటాక్లాస్‌గా, అంటే క్లాసుకి అచ్చుగా ఇచ్చి ‘బడి’ అనే క్లాసు చేశాను. ఎంటర్ కొట్టక ముందే కాగితం మీద రాసుకున్నాను: బడి.పలుకు() పనిచేస్తుంది, బడి().పలుకు() పనిచెయ్యదు. రెండూ అలాగే వచ్చాయి. చాలా థాంక్స్ అన్నా. సూపర్ గురించి రేపు ఇక్కడే అడుగుతాను.

జవాబు:
అడుగు తమ్ముడూ. ఈలోగా బూల్.ఎమ్ఆర్ఓ() కొట్టి, ట్రూ + ట్రూ ఎంత వస్తుందో ముందే కాగితం మీద రాసి పెట్టుకో.