చిన్న దుకాణానికి మొబైల్ బ్యాంకింగ్ గిట్టుబాటవుతుందా? ఎలా తేల్చుకోవాలి?

సందేహం: చిల్లర దుకాణం, లాభం నూటికి ఐదు. కొనేవాళ్లు ఫోన్‌లో డబ్బు పంపుతామంటున్నారు. టోకు వ్యాపారి మాత్రం నగదే అడుగుతున్నాడు. మొబైల్ ఖాతా (ఫోన్ నంబరు మీదే డబ్బు ఉంచుకుని, పంపుకునే ఖాతా) తెరవడం మంచిదేనా అండీ?

జవాబు: టోకు వ్యాపారి నగదు అడగడమే ఇక్కడ అసలు చిక్కు. డబ్బు ఎలా వస్తోందో కాదు, వచ్చాక ఎటు పోతోందో చూడండి. 1000 అమ్మితే మీకు మిగిలేది 50. తీసుకున్నందుకు 1 శాతం రుసుము అనుకుంటే 10 పోయింది. ఖాతాలోని డబ్బును సంస్థ ఏజెంటు దగ్గర నగదు చేసుకోవడానికి 1.5 శాతం అనుకుంటే ఇంకో 15. లాభంలో సగం రుసుములకే! ఈ శాతాలు ఉదాహరణకే; మీకు ఖాతా ఇచ్చే సంస్థ రుసుముల పట్టికతో మళ్లీ లెక్క వేయండి. ఆ పట్టిక శ్లాబుల్లో (ఇంత నుంచి ఇంత వరకు ఒకే రుసుము అని) ఉంటే చిన్న మొత్తాల మీద భారం ఎక్కువ, అందుకని రోజూ కొంచెం కొంచెం తీయకండి. సరఫరాదారుల్లో ఒక్కరైనా ఖాతాలోకి తీసుకుంటే లెక్క మారిపోతుంది.

మరో జవాబు: పై లెక్క సరైనదే, కానీ నగదుకూ ఖర్చుంది: చిల్లర కొరత, దొంగనోట్లు, బ్యాంకుకు వెళ్లే సమయం. వాటినీ కలపాలి. పన్నులూ మారుతుంటాయి. ఉగాండా 2018లో మొబైల్ మనీపై (ఇలాంటి ఖాతాల లావాదేవీలపై) 1 శాతం పన్ను వేసి, కొద్ది నెలల్లోనే 0.5 శాతానికి తగ్గించి, నగదు తీసుకునేటప్పుడు మాత్రమే ఉంచింది. ఘనా 2022లో 1.5 శాతం వేసి, 2023లో 1 శాతం చేసి, 2025లో ఎత్తేసింది. అందుకే ఒకసారి వేసిన లెక్కను అలా వదిలేయకూడదు.

సందేహం: ఇప్పుడున్న సొంత నంబరుకే వేయించుకుంటే సరిపోదా?

జవాబు: వద్దండి. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు కలిసిపోతాయి, వ్యక్తిగత ఖాతా పరిమితి త్వరగా నిండుతుంది. వ్యాపారి ఖాతా, దానికి వేరే సిమ్ తీసుకోండి. కెన్యాలో ఎం-పెసా అనే మొబైల్ మనీ సేవకు టిల్ నంబరు ఉన్నది ఇందుకే: కొనేవాళ్లు మీ ఫోన్ నంబరుకు కాకుండా దుకాణం నంబరుకు చెల్లిస్తారు. పిన్ పనివాళ్లకు ఇవ్వకండి. డబ్బు వచ్చిందో లేదో మాత్రమే చూసే అనుమతి ఉంటే అదివ్వండి.

మోసాలు ఎక్కువగా జరిగేది కౌంటర్ దగ్గరే. కొన్న మనిషి ఫోన్ తెర గానీ, మీకొచ్చిన ఎస్సెమ్మెస్ గానీ నమ్మి సరుకు ఇవ్వకండి, రెండూ నకిలీ కావచ్చు. మీ ఫోన్‌లో ఖాతా మెనూ తెరిచి నిల్వ చూసుకున్నాకే ఇవ్వండి. “పొరపాటున పంపాను, తిరిగి పంపండి” అంటే మీరు పంపొద్దు, సంస్థ ద్వారానే వెనక్కి తీసుకోమనండి. లేకపోతే మీరొకసారి పంపుతారు, సంస్థ కూడా మీ ఖాతాలోంచి ఇంకోసారి తీస్తుంది. సిమ్‌కు హఠాత్తుగా సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే వెంటనే సంస్థకు ఫోన్ చేయండి, మీ నంబరు మీద ఎవరో నకిలీ సిమ్ తీసి ఉండొచ్చు.

మరో జవాబు: యూఎస్‌ఎస్‌డీ మెనూకు (*తో మొదలై #తో ముగిసే నంబరు డయల్ చేస్తే వచ్చేది) డేటా అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. కానీ నెట్‌వర్క్ బలహీనంగా ఉంటే మధ్యలో తెగిపోతుంది. అప్పుడు వెంటనే మళ్లీ చెల్లించకండి, మొదటిది వెళ్లిపోయి ఉండొచ్చు. ముందు లావాదేవీల జాబితా చూడండి.

నాలుగు వారాలు ప్రయత్నించి, వచ్చిన మొత్తం, రుసుము, నగదుగా తీసింది, ఖాతాలోంచే కట్టింది అని నాలుగు గడులు రాయండి. మూడో గడి నాలుగోదానికన్నా పెద్దగా ఉన్నన్నాళ్లూ నగదునూ కొనసాగించండి, టోకు వ్యాపారిని ఒప్పించే పని చూడండి.