లివర్ క్యాన్సర్‌కు సొంత కణాల వ్యాక్సిన్: ఎవరైనా వేయించారా?

నీలిమ_ఆర్: నాన్నగారికి లివర్‌లో గడ్డ తీసేసి నాలుగు నెలలైంది. రక్తంలో ఏఎఫ్‌పీ (లివర్ గడ్డ ఉంటే పెరిగే ప్రోటీన్) మళ్లీ పెరుగుతోంది. ఆయన రక్తంలోంచి తీసిన కణాలతోనే చేసే డెండ్రైటిక్ సెల్ వ్యాక్సిన్ వేయిద్దామంటున్నారు. రక్తం ఎంతసేపు తీస్తారు? జ్వరం వస్తుందా? ఇమ్యూనోథెరపీతో (ఒంట్లోని రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పే మందులతో) కలిపి ఇవ్వచ్చా?

పాతకాపు: మా అన్నయ్యకు చేయించాం. మెషీన్ దగ్గర దాదాపు నాలుగు గంటలు. ఒక చేతిలోంచి రక్తం వెళ్తుంది, తెల్లకణాలు సంచిలో పడతాయి, మిగతాది రెండో చేతిలోకి వచ్చేస్తుంది. మధ్యలో పెదాలు చిమచిమలాడాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్లట, కాల్షియం బిళ్ల నమలమన్నారు. రెండు చేతులూ కదపకూడదు కదా, ముక్కు దురద పెట్టినప్పుడల్లా గోకింది నేనే.

సత్యం63: భయపడకండమ్మా, పనిచేస్తుంది. కొరియాలో 230 మంది మీద చేసి 2015లో ప్రచురించారు. జబ్బు తిరగబెట్టకుండా ఉన్న కాలం 30 నెలల నుంచి 44కి పెరిగింది.

ల్యాబ్‌పురుగు: అది వ్యాక్సినే కాదు మహాప్రభో! సీఐకే కణాలు, అంటే రోగి సొంత తెల్లకణాలే. బయట పెంచి నేరుగా ఎక్కిస్తారు, అవే వెళ్లి కొడతాయి. డెండ్రైటిక్ కణాలు కొట్టవు, గడ్డ ఆనవాలు టీ కణాలకు (కొట్టే తెల్లకణాలకు) చూపిస్తాయి. పదకొండేళ్లుగా కణాలు పెంచుతున్నా, నాకు చెప్పకండి.

సత్యం63: పెంచుకోండి. రోగికి పేరుతో పనేంటి?

ల్యాబ్‌పురుగు: పేరుతోనే పని! ఆ ఫలితం చూపించి ఇంకోటి అంటగడితే? అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2010లో ఒప్పుకున్న ఇలాంటి వ్యాక్సిన్, సిపుల్యూసెల్-టీ, ప్రోస్టేట్ క్యాన్సర్‌కి. లివర్‌కి అలాంటిది ఒక్కటీ లేదు.

చందు_కె: స్టైన్‌మాన్ సంగతి మర్చిపోయారా? డెండ్రైటిక్ కణాలు కనిపెట్టిందే ఆయన. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌తో నాలుగేళ్లు బతికారు, ఈ వ్యాక్సిన్లు తన మీదే వేయించుకుని.

ల్యాబ్‌పురుగు: కీమో కూడా తీసుకున్నారు. 2011 నోబెల్ ప్రకటనకు మూడు రోజుల ముందు పోయారు. ఒక్క మనిషితో ఏం తేలుతుంది?

వసంత: అసలు హెపటైటిస్-బి టీకా ముందే వేయించి ఉంటే ఈ గొడవే ఉండదు. తైవాన్‌లో 1984లో మొదలుపెట్టారు, పిల్లల్లో లివర్ క్యాన్సర్ తగ్గింది.

చందు_కె: వచ్చాక ఆ మాటెందుకండీ? పుండు మీద కారం.

నీలిమ_ఆర్: జ్వరం సంగతి ఒక్కరూ చెప్పలేదు.

పాతకాపు: రెండో డోసు రాత్రి చలి, జ్వరం. తెల్లారేసరికి తగ్గింది. సూది వేసినచోట రెండు రోజులు ఎర్రగా ఉంది. అన్నయ్య గడ్డ మాత్రం ఆగలేదమ్మా, అబద్ధం చెప్పను.

సత్యం63: మీవాడికి ఆలస్యంగా వేసుంటారు.

పాతకాపు: మీరు చూశారా?

ల్యాబ్‌పురుగు: నీలిమగారూ, ఇమ్యూనోథెరపీ సంగతి మీ ఆంకాలజిస్టునే అడగండి. లివర్ క్యాన్సర్‌కు అటెజోలిజుమాబ్ (ఇమ్యూనోథెరపీ మందు), బెవాసిజుమాబ్ జోడీని 2020లోనే ఒప్పుకున్నారు, కానీ అది ఆపరేషన్ కుదరని వాళ్లకు. ఇంకోటి, కణాలకు దేన్ని చూపిస్తారట? నాన్నగారి గడ్డ ముక్కనా, ఏఎఫ్‌పీనా, లివర్ గడ్డ కణాల మీద ఉండే గ్లైపికాన్-3 అనే ప్రోటీన్‌నా? ముక్క ఫ్రీజ్ చేసి దాచారా?

నీలిమ_ఆర్: ఇప్పుడే ఫోన్ చేశాను. మొత్తం ఫార్మాలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే రసాయనంలో) వేసేశారట.

ల్యాబ్‌పురుగు: అయితే దానితో లైసేట్ (గడ్డ కణాలను పగలగొట్టి తీసే రసం) చేయడం కష్టం. మరి ఏం వాడతారో కాగితం మీద రాసిమ్మనండి.